దొరగారి సూది

"నావల్ల కాదు డాక్టరుగారూ," అంటూ మాస్టారు సూదిని ట్రేలో పెట్టేశారు.

బల్లమీద దొర ఇదంతా తనకి సంబంధించిన గొడవ కాదన్నట్టు గోడకేసి చూస్తున్నాడు. పేరుకే దొర, ఒట్టి బూడిదరంగు పిల్లి. ఈమధ్య గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగుతూ, ఎంత తిన్నా చిక్కిపోతూ ఉంటే మాస్టారు బుట్టలో పెట్టుకొచ్చారు. షుగరని తేలింది.

"చాలా తేలిక మాస్టారూ. మెడ వెనక చర్మం ఇలా పైకెత్తి పట్టుకుని గుచ్చడమే. పొద్దునా సాయంత్రం, తిండి తిన్నాక. దానికి చీమ కుట్టినట్టైనా ఉండదు," అంది పశువుల డాక్టరు.

"నాకు చేతులు వణుకుతాయమ్మా."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఇంకెవరుంటారు? డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక ఆయనతో మాట్లాడే ప్రాణి ఆ దొర ఒక్కడే. అదీ ఆకలేసినప్పుడు.

"ఎవరూ లేరు," అన్నారు.

"అయితే సూది వెయ్యగలిగినవాళ్ళకి ఇచ్చెయ్యండి. ఇన్సులిన్ పడకపోతే బతకదు."

మాస్టారు బుట్టతో ఇంటికొచ్చి, తన తలుపు తియ్యకుండా ఎదురు వాటా తలుపు కొట్టారు. అందులో ఒక టైలరమ్మ, ఆవిడ కుట్టు మిషను ఉంటాయి. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో వాళ్ళిద్దరి మధ్య "కరెంటు మీకూ పోయిందా?" అన్నది దాటి మాట నడవలేదు.

"మీది సూది పని కదాని వచ్చానమ్మా," అన్నారు, సంగతంతా చెప్పి.

టైలరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది. "బట్టకి గుచ్చడం వేరు, ప్రాణానికి గుచ్చడం వేరు మాస్టారూ. నాకు గుండె జారిపోతుంది."

"మీరూ కాదంటే వీణ్ణి ఎవరికో ఇచ్చేసుకోవాలి."

బుట్టలోంచి దొర సమయం చూసి మరీ దీనంగా ఒక కేక పెట్టాడు. టైలరమ్మ నిట్టూర్చి, మిషను మీద గుడ్డ కప్పి, వెంట నడిచింది.

మాస్టారు డాక్టరు దగ్గర్నుంచి తెచ్చిన మందు సంచిలోంచి తీసిచ్చారు. ఆవిడ కంగారులో సీసాని గిలక్కొట్టబోయింది.

"అయ్యో, అలా కుదపకూడదు!" మాస్టారు చటుక్కున సీసా లాక్కుని రెండు అరచేతుల మధ్యా పెట్టి మెల్లగా దొర్లించారు. "ఇలా."

"మీకన్నీ తెలిసినట్టే ఉందే!"

"డాక్టరు చెప్పిందిలెండి."

దొర తినేసి ఖాళీ గిన్నె నాకుతూ ఉండగానే ఆవిడ కళ్ళు సగం మూసుకుని గుచ్చేసింది. దొర తల కూడా ఎత్తలేదు. చెమటలు పట్టింది మాత్రం ఆవిడకే.

అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం టైలరమ్మ రావడం మొదలైంది. దొర తీరిగ్గా తిని మూతి తుడుచుకునేదాకా ఆగాలి కాబట్టి కూర్చునేది. ఊరికే కూర్చోవడం చేతకాదు కాబట్టి చొక్కాలకి కాజాలు కుట్టే పని వెంట తెచ్చుకునేది. మాస్టారు కాఫీ కలిపేవారు. కప్పుల బీరువాలో వెనకెక్కడో పడున్న రెండో కప్పు ముందుకొచ్చింది. ఆయన పిలుపు 'అమ్మా' నుంచి 'చెల్లెమ్మా'కి మారింది. ఆవిడ మాత్రం మాస్టారనే అనేది. ఆ ఇంట్లో ఎన్నాళ్ళకో నవ్వు వినబడింది.

ఒకరోజు మాస్టారు స్టవ్ దగ్గరుంటే, ఆవిడే వెళ్ళి సీసాని ఫ్రిజ్‌లో పెట్టొచ్చింది. వచ్చి కూర్చుని, మాస్టారి వంక ఒకసారి చూసి కాజాల పని తీసింది. సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్ళీ ప్రయత్నించింది.

"ఇలా ఇవ్వు చెల్లెమ్మా," అని మాస్టారు అందుకుని ఒక్క ప్రయత్నంలో ఎక్కించి ఇచ్చేశారు.

టైలరమ్మ దారం వంకా, ఆయన చేతుల వంకా చూసి, తలొంచుకుని కాజా కుట్టుకుంది.

ఇంకొన్నాళ్ళకి మాస్టారు మధ్యాహ్నం పూట దొరని పరీక్షకి తీసుకెళ్ళారు. డాక్టరు మొహం వెలిగిపోయింది. "కొన్ని పిల్లులకి ఇలా తగ్గిపోతుంది మాస్టారూ! ఇక ఇన్సులిన్ వద్దు. ఇప్పుడు వేస్తే ప్రాణం మీదికొస్తుంది, జాగ్రత్త."

సంతోషించాల్సిన మాటే. కానీ దారంతా మాస్టారికి అడుగు పడలేదు. రేపట్నుంచి తలుపు ఎవరు కొడతారు?

సాయంత్రం టైలరమ్మ వచ్చింది. మాస్టారు కాఫీ కలిపారు, మందు తెచ్చిచ్చారు, ఏమీ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఇంకో కబురేదో అడ్డం పెట్టారు. దొర మూతి తుడుచుకున్నాడు. ఆవిడ మందు ఎక్కించి, మెడ వెనక చర్మం పైకెత్తి పట్టుకుంది.

"ఆగు చెల్లెమ్మా!" మాస్టారు ఆవిడ చెయ్యి పట్టేసుకున్నారు. "వద్దు. వాడికి తగ్గిపోయింది. ఇప్పుడు వేస్తే చచ్చిపోతాడు."

"ఎవరన్నారు?"

"మధ్యాహ్నం డాక్టరు చెప్పింది."

"మరి నేను గుచ్చబోయేదాకా చెప్పలేదేం?"

మాస్టారు ఆవిడ చెయ్యి వదిలేశారు. "చెబితే... రేపట్నుంచి నువ్వు రావుగా."

టైలరమ్మ సూదికి మూత పెట్టింది. కాజాల పని సంచిలో సర్దుకుంది. కాఫీ సగంలోనే వదిలేసి గుమ్మం దాకా వెళ్ళి చెప్పులేసుకుంది. మాస్టారు ఆ రెండో కప్పు వంకే చూస్తూ నిలబడ్డారు. అబద్ధాలకోరని తిట్టి పోయినా బాగుండేది అనుకున్నారు.

గుమ్మంలో ఆవిడ వెనక్కి తిరిగింది.

"దొరకి మానేద్దాం అన్నయ్యా. ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనక మీ పేరుతో ఉన్న ఇన్సులిన్, ఇన్నాళ్ళూ మీ చేత్తో మీరే వేసుకుంటున్నారు చూడండి, రేపట్నుంచి అది నేనొచ్చి వేస్తాను."