ముందు ఆయన చెవిన వేద్దామండీ

"ఫోన్ చేయొద్దనటం లేదండీ. ముందు రాజబాబు గారి చెవిన ఒక మాట వేద్దామంటున్నాను" అన్నారు హెడ్మాస్టర్ రామ్మూర్తి.

"అలా ముందుగా చెప్పకూడదనే కదండీ నిన్న ట్రైనింగ్‌లో చెప్పేరు" అంది సైన్సు టీచరు సత్యవేణి.

నిన్న అమలాపురం నుంచి భవానీదేవి అనే ఆఫీసరు వచ్చి, పిల్లల్ని ఎవరైనా హింసిస్తుంటే ఎలా కనిపెట్టాలో పూటంతా బోధించింది. అనుమానం వస్తే చాలు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. హింసించినవాడు ఎంతటివాడైనా సరే మొహమాటం కూడదు. అందరూ ఆయ్ అన్నారు. పులిహోర బాగుందని కూడా అన్నారు. తెల్లారేసరికి ఆ పాఠానికి పరీక్ష వచ్చిపడింది.

ఏడో తరగతి లక్ష్మీతులసి ఇంత ఉక్కపోతలో పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చింది. సత్యవేణి ఆ చేతులు పైకి మడిచి చూస్తే మోచేతి దాకా స్కేలు వాతలు.

"ఎవరే?"

"చెబితే మీరేమీ అనుకోరు కదండీ?" అంది పిల్ల. "ట్యూషన్ సారండీ. ఇంట్లో చెబితే ఇంకా కొడతానన్నారండీ. ఇవాళ అయిదింటికి మళ్ళీ వెళ్ళాలండీ."

ట్యూషన్ సారంటే రాజబాబు గారే. ఊళ్ళో సగం మంది పిల్లలకు లెక్కలొచ్చాయంటే ఆయన చలవే.

"మనం మాత్రం దెబ్బలు తినకుండా చదివేమా అండీ?" అన్నారు డ్రిల్లు మాస్టారు శివప్రసాద్.

"అందుకేగా మాస్టారూ, అందరం ఇలా తయారయ్యేం" అంది సత్యవేణి.

మధ్యాహ్నం ఆమె వద్దంటున్నా వినకుండా మాస్టార్లిద్దరూ మోటార్‌సైకిలెక్కి రాజబాబు గారింటికి వెళ్ళారు. వస్తూ చెరో అరటిపళ్ళ హస్తం పట్టుకొచ్చారు.

"చెప్పేశారా?" అంది సత్యవేణి కంగారుగా.

"ఎలా చెబుతామండీ?" అన్నారు రామ్మూర్తి. "కుర్చీ ఆయనే వేసేరు. కాఫీ ఆయనే స్వయంగా కలిపిచ్చేరు. అంత మర్యాద చేసిన మనిషితోనా? ఊరికే చూసి పోదామని వచ్చేమన్నాం."

"కాఫీ బాగానే కలుపుతారు లెండి."

సాయంత్రం బడి వదిలారు. లక్ష్మీతులసి మాత్రం సంచి గుండెలకు హత్తుకుని గేటు దగ్గరే నిలబడింది. అది చూసి సత్యవేణి ఫోన్ తీసింది. భయమేసింది, సిగ్గూ వేసింది.

"ఇంకోసారి ఆలోచించండమ్మా" బతిమాలారు రామ్మూర్తి. "రేపట్నుంచి ఆయన మొహం ఎలా చూస్తారు?"

"ముందు ఆ పిల్ల మొహం చూడగలగాలి కదండీ."

అవతల ఫోనెత్తిన అమ్మాయి పిల్ల పేరు, ఊరు రాసుకుంది. కొట్టినాయన పేరు అడిగింది. సత్యవేణి ఫోన్ హెడ్మాస్టారి వైపు చాచింది. ఆయన గోడకు అతుక్కుపోయారు. శివప్రసాద్ గారికి బంతులు లోపల పెట్టించాలని అప్పుడే గుర్తొచ్చింది. చివరికి ఆమే పేరు చెప్పింది.

"పిల్లని ఇవాళ ట్యూషన్‌కి పంపకండి. మావాళ్ళు బయల్దేరుతున్నారు" అంది ఆ అమ్మాయి. "ఆయన మీకెలా తెలుసండీ?"

"మా ఆయనండీ."