అవతలి నట్టు

మొక్కల కోసం గ్రీన్‌హౌస్ కిట్టు కొనిపించింది నా బావమరిది. "బిగించే పూచీ నాది బావా" అన్నాడు. చీకటి పడుతున్నా పత్తా లేడు. ఆ మంట మీద పెరట్లో నేనొక్కణ్ణే దాని లోపల నిలబడి, తిట్టుకొక బోల్టు చొప్పున గోడల ప్లాస్టిక్ పలకలన్నీ బిగించేశాను. చివరికి తలుపు కూడా మూసి గొళ్ళెం బిగించాను. మొత్తం నలభై బోల్టులు.

అప్పుడు మోగింది ఫోను.

"ఏమనుకోకు బావా, పనిలో ఇరుక్కుపోయా."

"నీకూ నీ సాయానికీ ఓ దండం. ఒక్కణ్ణే అంతా బిగించేశా."

"కోతలు కొయ్యకు. లోపల బోల్టు తిప్పుతుంటే బయట ఒకరు నట్టు పట్టుకోవాలి. లేకపోతే తెల్లార్లూ తిప్పినా అది ఊరికే తిరుగుతుంది. అక్కేమో ఇక్కడ మా ఇంట్లో ఉంది. మరి నట్లు ఎవరు పట్టుకున్నారు?"

ఫోను పెట్టేశాను. నట్ల పొట్లం నా కాళ్ళ దగ్గరే ఉంది. దాని మూతి ఇంకా విప్పలేదు.

పాలరంగు పలకల అవతల ఏమీ కనిపించలేదు. గడ్డి చప్పుడు కూడా లేదు. భయం కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. నా పెరట్లో, నన్నడక్కుండా చెయ్యి పెట్టిందెవడు?

"ఎవడ్రా అది? వదులు" అన్నాను.

కిర్రుమని చప్పుడైంది. నలభై బోల్టులూ ఒక్కసారిగా ఇంకో చుట్టు బిగుసుకున్నాయి.