వంతు పాలు

"నోరు తెరువు," అన్నాడు భర్త, ఆమె ఇంకా చెప్పులైనా విప్పకముందే.

"ఎందుకు?"

"తెరవమంటున్నానుగా!"

ఆమె తెరిచింది. ఆయన వంగి వాసన చూశాడు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. మొహం చూడగానే టికెట్ కొన్నాడో లేదో చెప్పేస్తానని గొప్ప. పెళ్ళాం నోట్లో బిస్కెట్ వాసన దొరక్కపోయేసరికి ఆయనకు తృప్తి కలగలేదు.

"నీళ్ళు పుక్కిలించి వచ్చావా?"

ఆమె చెప్పులు విప్పింది. చేతులు కడుక్కొచ్చి, తోడికోడలి భుజం మీద నిద్రపోతున్న ఐదు నెలల కొడుకుని అందుకుంది. బుగ్గలు రెండూ దద్దుర్లతో కందిపోయి ఉన్నాయి.

"ఇవాళ విరేచనంలో మళ్ళీ నెత్తుటి చార కనిపించిందక్కా," అంది తోడికోడలు మెల్లగా.

అదే ఇంట్లో ఉండే మరిది భార్య ఆమె. ఏడాది నిండబోయే కూతురుంది. ఇద్దరు పిల్లల్నీ చెరో చంకనా వేసుకుని పగలంతా నెట్టుకొచ్చేస్తుంది. ఆ ధైర్యంతోనే పెద్దామె కొడుకుకి మూడో నెల దాటగానే బిస్కెట్ ఫ్యాక్టరీలో మళ్ళీ ప్యాకింగ్ పనికి వెళ్ళింది. పొద్దున్నే పంపుతో తన పాలు తీసి సీసాల్లో నింపి ఫ్రిజ్‌లో పెట్టేది. సాయంత్రానికి సీసాలు ఖాళీ అయి, శుభ్రంగా కడిగి బోర్లించి ఉండేవి. పనిలో చేరిన పది రోజులకే పిల్లాడికి ఈ దద్దుర్లు మొదలయ్యాయి.

"పాల పదార్థాలు పడటం లేదని నా అనుమానం," అంది అప్పుడు చూసిన డాక్టరమ్మ. "మీరు తిన్నది మీ పాలలోకీ వస్తుంది. పాలు, పెరుగు, వెన్న, బిస్కెట్లు అన్నీ మానెయ్యండి. బాబుకి బయటి పాలు ఏమైనా పడుతున్నారా?"

"పోతపాలు చుక్క కూడా పట్టలేదండీ. పిల్ల మీద ఒట్టు," అంది తోడికోడలు. ఆ రోజు తోడుగా వచ్చింది ఆమే.

ఆ సాయంత్రమే పెద్దామె తన వంతు పాల గ్లాసును తోడికోడలి ముందుకు జరిపింది.

"రెండు గ్లాసులు తాగితే నేను గుమ్మం పట్టనక్కా!"

"పారబోస్తామా? పిల్లకి పాలిచ్చేదానివి. ఒంట్లో బలం ఉండాలి. తాగు."

అప్పట్నించి రోజూ అదే వరస. పెరుగు గిన్నె అటే వెళ్ళేది, ఐస్‌క్రీం తెస్తే అదీ అటే. ఫ్యాక్టరీలో విరిగిన బిస్కెట్లు ఎవరైనా తినొచ్చు. తోటివాళ్ళు ఊరిస్తుంటే ఆమె పాలు లేని టీ తాగి లేచి వచ్చేసేది. బిస్కెట్ పొడి గాలిలో ఎగిరి నోట్లోకి పోతుందేమోనని ముక్కుకి రెండు మాస్కులు కట్టుకునేది.

నాలుగు వారాలు గడిచినా దద్దుర్లు తగ్గలేదు. పైగా ఎక్కువయ్యాయి.

మధ్యలో మెషిన్ మరమ్మతు కోసం వారం రోజులు ఫ్యాక్టరీ మూసేశారు. ఆ వారం ఆమె ఇంట్లోనే ఉంది. పిల్లాడి బుగ్గలు తేటపడ్డాయి. ఫ్యాక్టరీ తెరిచారు, మళ్ళీ మొదలు.

అనుమానం పెనుభూతం. భర్తకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

"ఇంట్లో ఉంటే తగ్గుతుంది, పనికెళ్తే పెరుగుతుంది. దీనికి పెద్ద చదువులు కావాలా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందిట."

"నా బిడ్డ మీద ఒట్టేసి చెప్తున్నాను, ముట్టుకోలేదండీ."

"టికెట్ లేనివాడు కూడా ఒట్లే వేస్తాడు."

"అక్క అలాంటిది కాదు బావగారూ," అని తోడికోడలు తలుపు చాటునుంచి అడ్డం వచ్చింది. ఆ ఇంట్లో ఆమెను నమ్మిన మనిషి అదొక్కతే.

రానురాను పెద్దామెకు తన మీద తనకే నమ్మకం పోయింది. పరధ్యానంగా ఎప్పుడైనా ఒక ముక్క నోట్లో వేసుకున్నానా అని ఆలోచించేది.

చివరికి డాక్టరమ్మ కాగితం మీద ఒక డబ్బా పేరు రాసిచ్చింది. "బరువు కూడా పెరగడం లేదు. రేపట్నించి మీ పాలు ఆపేసి ఇది పట్టండి. పాలు పడని పిల్లల కోసమే చేసిన పొడి."

ఆ సాయంత్రం ఆమె ఆఖరిసారి కొడుకుని ఒళ్ళో వేసుకుంది. వాడు ఎప్పటిలాగే ఆమె జాకెట్టు అంచు పిడికిట పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగాడు. ఆమెకు దుఃఖం ఆగలేదు. అటు తిరిగి కూర్చుని ఏడ్చింది.

తెల్లవారింది. ఆమె పనికి తయారై, డబ్బా, కొలత చెంచా, కడిగిన సీసాలు బల్ల మీద వరసగా పెట్టింది. తోడికోడలు అప్పుడే రెండో గ్లాసు పాలు ముగించి, పై పెదవి మీద మీగడ తుడుచుకుంటూ వచ్చింది.

"సీసాకి మూడు చెంచాలు కలిపి పట్టు. మరిచిపోకు."

తోడికోడలు సీసా వంక అపనమ్మకంగా చూసింది. "వీడు తాగడేమో అక్కా."

"ఎందుకు తాగడు? రెండు నెలలుగా సీసా అలవాటేగా."

"సీసానా? దాని మూతి తగిలితే చాలు, గుక్కపట్టి ఏడుస్తాడు. మీరు తీసి పెట్టినవి మా పిల్లే తాగుతోంది."

డ్యూటీ సంచీ భుజానికి తగిలించుకుంటున్న భర్త ఆగిపోయాడు.

"మరి వీడు?" అంది పెద్దామె.

బావగారు వింటున్నాడని తోడికోడలు సిగ్గుపడి, గొంతు తగ్గించింది.

"మొదటి రోజు నుంచీ నా దగ్గరే తాగుతున్నాడక్కా."