గోడల మీద బాయిలర్ హౌస్

"అయితే ఆ రోజు మీరు పై ప్లాట్‌ఫాం ఎక్కనే లేదంటారు?" విచారణ అధికారి సూటిగా అడిగింది.

"ఆ రోజేంటి మేడం, ఏడాది నుంచీ ఆ మెట్ల మొహం చూస్తే ఒట్టు. ఈ మోకాళ్ళతో మా ఇంటి మేడ ఎక్కడమే గగనం," అన్నాడు సూపర్‌వైజరు మోకాలు నిమురుకుంటూ. "ఫిట్టరే పైకెళ్ళి ఆవిరి వాల్వు తిప్పి ఉంటాడు. తిప్పిన సంగతి మర్చిపోయి కింద లైన్లో చెయ్యి పెట్టాడు. పాపం, తొందర మనిషి."

పచ్చి అబద్ధం. వాల్వు తిప్పింది తనే. బాయిలరు మళ్ళీ నడపడం ఇంకా ఆలస్యమైతే పైవాళ్ళు తల తింటారని, ఫిట్టరు ఈపాటికి బయటికి వచ్చేసి ఉంటాడులే అని తిప్పేశాడు. ఫిట్టరు రాలేదు. తను దిగొచ్చి ఆఫీసు గదిలో కూర్చున్నాడో లేదో, లైను పేలింది. మనిషి పోయాడు. ప్లాట్‌ఫాం తుక్కుతుక్కయింది. చూసినవాళ్ళు లేరు. కానీ తను పైకి ఎక్కాడని తేలిందా, ఇక జైలే.

గదిలో ఓ మూల ఫిట్టరు భార్య కూర్చుని ఉంది. "మా ఆయన తన చావు తనే తెచ్చుకున్నాడంటే నేను నమ్మను," అంది నేల చూస్తూ.

"ఊరుకోమ్మా, నాకు మాత్రం బాధ లేదా?" అన్నాడు సూపర్‌వైజరు. తన గొంతులో తడికి అతనికే ఆశ్చర్యం వేసింది.

"అసలు చోటు మిగల్లేదు కాబట్టి, ప్లాన్లు చూసి మా టెక్నీషియన్ కంప్యూటర్లో ఆ చోటు బొమ్మ కట్టింది," అంది అధికారి. "ఒకసారి చూసి, ఎవరు ఎక్కడ నిలబడి ఉంటారో చెప్పండి."

నన్ను పరీక్షిస్తోంది, అనుకున్నాడతను. తెలిసిన చోట తెలియనివాడిలా తిరగాలి, అంతేగా!

టెక్నీషియన్ అమ్మాయి ముందుగా ఓ ట్యాబ్ చేతికిచ్చింది. "కిటికీలా పట్టుకోండి సార్. ఎటు తిప్పితే అటు వైపు కనబడుతుంది." అతను కావాలనే తప్పు దిక్కుకు తిప్పాడు. గోడ కనబడితే, "ఇదేనా వాల్వు?" అని అమాయకంగా అడిగాడు. ఆ అమ్మాయి నవ్వాపుకుంది.

తర్వాత తలకు బరువైన కళ్ళజోడు బిగించింది. చుట్టూ ఉన్న గది మాయమైంది. కిందికి చూసుకుంటే తన కాళ్ళు లేవు, చేతులు లేవు. "నా చేతులేవమ్మా?" అని కేకేశాడు. ఈసారి నటన కాదు. కానీ ఒళ్ళే లేనివాడికి నటించడం ఎంతసేపు? కుర్చీలో కూర్చునే అటూ ఇటూ తల తిప్పి, అన్నీ తప్పులు చెప్పి, కళ్ళు తిరుగుతున్నాయని తీయించుకున్నాడు.

"ఇక గదిలోకి వెళ్దాం," అంది అధికారి.

ఆ గదిలో మూడు గోడలూ, నేలా తెల్లటి తెరలే. అందరికీ పల్చటి కళ్ళజోళ్ళు పంచారు. ఫిట్టరు భార్య పుచ్చుకోలేదు. "నాకొద్దమ్మా. ఆయన పోయిన చోటు నేను చూడలేను," అని గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది. జోడు లేకపోతే అక్కడ కనబడేది మసక మసక రెండేసి గీతలే.

దీపాలు ఆర్పారు. ప్లాట్‌ఫాం లేచి నిలబడింది. ఇక్కడ తన చేతులు తనకున్నాయి. తన బూట్ల కింద ఇనుప జల్లెడ, దాని కింద చీకటి లోతు. ఎదురుగా ఎర్ర చక్రం, అదే వాల్వు. చెయ్యి దానంతటదే లేవబోతే గబుక్కున జేబులో దోపుకున్నాడు.

"నడవండి సార్, భయం లేదు. కింద గట్టి నేలే," అంది ఆ అమ్మాయి.

అతను కుంటుకుంటూ కదిలాడు. చక్రాన్ని చూడనట్టే దాటాడు. కాస్త తల వంచి, మళ్ళీ ఎత్తి, ఆ చివరిదాకా వెళ్ళి, "ఇంతకీ వాల్వు ఏదమ్మా?" అన్నాడు. అదే దారిన కుంటుతూ వెనక్కి వచ్చాడు. దీపాలు వెలిగేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

అధికారి నిట్టూర్చింది. "సరే. మీకా చోటు బొత్తిగా తెలియదనే అనుకోవాలి. ఇక మీరు వెళ్ళొచ్చు."

ప్రాణం లేచొచ్చింది. బతికిపోయానురా నాయనా అనుకుంటూ గుమ్మం దాటబోతుంటే, "అన్నయ్యా, ఒక్క మాట," అంది ఫిట్టరు భార్య.

"చెప్పమ్మా." ఇప్పుడు అతనికి ఆమె మీద నిజంగానే జాలి కలిగింది.

"నాకు బొమ్మేం కనబడలేదు. మిమ్మల్నే చూస్తూ కూర్చున్నా. మధ్యలో ఒకచోట తల వంచారెందుకు? వెళ్ళేటప్పుడూ వంచారు, వచ్చేటప్పుడూ వంచారు."

"ఓ, అదా!" అతను తేలిగ్గా నవ్వేశాడు. "అడ్డంగా పైపుంది కదమ్మా. వంగకపోతే నుదురు బొప్పి కట్టదూ!"

టెక్నీషియన్ అమ్మాయి తల ఎత్తింది. "ఏ పైపు సార్? నేనక్కడ పైపు పెట్టలేదే. ప్లాన్‌లోనే లేదు."

అతను మళ్ళీ జోడు పెట్టుకుని తెరల వైపు తిరిగాడు. చక్రం ఉంది, కమ్మీలున్నాయి. ఆ చోట మాత్రం ఖాళీ గాలి.

"ప్లాన్‌లో ఎలా ఉంటుందమ్మా?" అంది ఫిట్టరు భార్య, చెంగుతో కళ్ళొత్తుకుంటూ. "పోయే ముందు రోజు పొద్దుగూకాక మా ఆయన ఒక్కడే పైకెక్కి బిగించొచ్చాడు ఆ పైపుని. ఆ రాత్రి ఆయన నుదుటికి కాపడం పెట్టింది నేనే."