పాక తలుపు

“ఇంతదూరం ఎలా తీసుకొచ్చారమ్మా?” ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూస్తూ అడిగింది డాక్టర్ శ్రీసుధ.

“మా మరిది భుజానేసుకుని పరిగెత్తాడండి. తోటలోంచి రోడ్డు దాకా. అక్కణ్ణించి ఆటోలో,” అంది వెంకటదుర్గ. అంత దుఃఖంలోనూ గొంతులో కాస్త గర్వం పలికింది.

“మీ మోచెయ్యి వాచింది, చూసుకున్నారా?”

“హడావుడిలో తగిలిందండి. ముందు మా ఆయన సంగతి చెప్పండి.”

అప్పారావు పాతికేళ్లుగా కొబ్బరి దింపులు తీస్తున్నవాడు. వానకు నానిన చెట్టు మీంచి, అన్నం పట్టుకెళ్లిన పెళ్లాం కళ్లముందే పడ్డాడు. ఎక్కమన్న తోట ఆసామి జగన్నాథరావు గారు మాత్రం తాపీగా పాక తలుపు ఊడదీయించుకొచ్చారు. “కదపకండి, దీనిమీద పడుకోబెట్టి మోద్దాం” అన్నారు. వెంకటదుర్గకి ఒళ్లు మండిపోయింది. “బతికున్న మనిషికి పాడె కడతారేంటండీ! మీ చేతులు పడిపోనూ!” అని ఆ తలుపుని కాలవలోకి తోసేసింది. ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటే కడుపు రగిలిపోతోంది.

డాక్టర్ బల్లమీదున్న వెన్నుపూసల బొమ్మని దగ్గరికి లాక్కుంది.

“ఈ పూసలు జారిపోకుండా పట్టి ఉంచేవి ఈ పట్టీలు. లిగమెంట్లంటాం. మీ ఆయనకి పూస విరిగింది, పట్టీలూ తెగాయి. అలాంటప్పుడు నడుం వంగితే...” బొమ్మని మధ్యకి వంచింది. పూస పక్కకి జరిగి, లోపలి పసుపు తీగ నలిగింది. “లోపలున్న వెన్నుపాము తెగిపోతుంది. తెగిపోయింది. ఇక కాళ్లు రావమ్మా.”

పక్కనే ఉన్న మరిది చంద్రరావు గోడకి జారబడిపోయాడు. “అన్నయ్యని వంచి భుజానేసుకున్నది నేనే కదండీ!”

“పడినప్పుడే తెగి ఉంటే కాళ్లు ఆ క్షణమే చచ్చుబడతాయి. అప్పుడు మీ తప్పేం లేదు. పడ్డాక కాళ్లు కదిలాయా?”

“నేనొచ్చేసరికే వదిన, చెట్టెక్కడానికి కట్టుకున్న కాళ్ల తాడు విప్పేసి, తల ఒళ్లో పెట్టుకుని కూర్చుందండి.” చంద్రరావు ఆశగా వదిన వంక చూశాడు.

వెంకటదుర్గ డాక్టర్ వైపు తిరిగింది.

“లేదండి. పడగానే పోయాయి,” అంది. “అంతా ఆ జగన్నాథరావు గారి పాపం.”

చంద్రరావు బావురుమన్నాడు. ఆమె వాచిన మోచేతి మీదికి కొంగు లాక్కుంది.

కాళ్ల తాడు విప్పుతుంటే, నొప్పికి అప్పారావు తన్నిన తన్ను అది.