టైర్ల సీతయ్య గొంతు

"టైర్ల షాపు సీతయ్యకు ఆడగొంతు ఎప్పుడొచ్చింది?" అంది సువర్ణ, మంచం మీద నుంచి లేవకుండానే.

కిటికీ అవతల ఫోన్లో గుసగుసలాడుతున్న మొగుడు కోటేష్ ఉలిక్కిపడ్డాడు. "ఆయన భార్యనే మాట్లాడింది. నువ్వు పండుకో."

పడుకోమని సువర్ణకు విడిగా చెప్పనక్కర్లేదు. దసరా వెళ్లినప్పటి నుంచి ఆమె చేస్తున్న పని అదే. నరాల మీది పొరను దెబ్బతీసే ఎం.ఎస్. జబ్బు వచ్చి ఐదేళ్లయినా, చేతికర్రతోనే ముదిగొండ బజారంతా తిరిగిన మనిషి. ఇప్పుడు స్నానాల గది దాకా పోవాలన్నా గోడను బతిమాలుకోవలసి వస్తోంది.

పోయిన నెల నరాల డాక్టరు స్కాన్ చూసి, "కొత్త మచ్చల్లేవమ్మా. జబ్బు ఉన్నచోటే ఉంది. దానికి తోడు ఇంకోటేదో మీ కాళ్లను కట్టేస్తోంది" అన్నాడు. షుగర్ చూశారు, థైరాయిడ్ చూశారు. రెండూ బుద్ధిగానే ఉన్నాయి. అయితే ఒకసారి మనసు డాక్టరుకు చూపించుకొమ్మన్నాడు.

"నాకేమన్న పిచ్చా? సచ్చినా పోను" అని సువర్ణ అక్కడే తేల్చేసింది.

అప్పుడాయన కోటేష్‌ను ఒక్కడినే లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పి ఉంటాడో ఆమే ఊహించేసుకుంది. నీ భార్య ఇక లేవదు, నీ దారి నువ్వు చూసుకో, అని.

చూసుకుంటున్నాడు కూడా. ఆ మర్నాటి నుంచే చొక్కాకు ఇస్త్రీ, మెడకు సెంటు. కరెంటు స్తంభాలెక్కే మనిషికి సెంటెందుకు? తీగలు మెచ్చుకుంటాయా?

ఫోన్ మోగితే చాలు, గేటు దాకా పోయి మాట్లాడేవాడు. వినాలంటే వసారాలోకి రావాలి. వచ్చింది. తర్వాత వీధి మలుపు దగ్గర మాట్లాడటం మొదలుపెట్టాడు. మూలనున్న కర్ర దుమ్ము దులిపి మలుపు దాకా పోయింది. కాళ్లు వణికాయి. అయినా రెండు ముక్కలు చెవిన పడ్డాయి: "ఖానాపురం హవేలి, పచ్చ గేటు మేడ. శనివారం పొద్దుగాల వస్త."

పక్కింటి ముత్తక్కను పిలిచింది. ఆమె భద్రాచలం అవతలి అడవి ఊరి మనిషి.

"అక్కా, మా ఆయన ఎవతెనో పట్టిండు."

"కోటేషా? గంత తెలివున్నదా ఆయనకు?"

"నవ్వకు. నాకు తోడొస్తవా?"

"వస్త గని, సవతి కాడికి నైటీల పోతవా ఏంది? తల దువ్వుకో. మంచి చీర కట్టు."

నెలల తర్వాత సువర్ణ అద్దం ముందు కూర్చుంది.

శనివారం కోటేష్ బండి ఇంట్లోనే వదిలి షేర్ ఆటో ఎక్కాడు. వీళ్లిద్దరూ వెనకాటో ఎక్కారు. ఖానాపురం హవేలి బస్తీలో దిగాక అతను మూలమూలకూ ఆగి చెప్పులు సర్దుకుంటున్నాడు.

"మా దిక్కు అడివిపంది గూడ ఇంతకన్న ఉషారుగ ఉరుకుతది" అని ముత్తక్క విసుక్కుంది.

పచ్చ గేటు. బోర్డేమీ లేని మేడ. అతను పైకెక్కి లోపలికి పోయాడు.

మెట్లు చూడగానే సువర్ణకు నీరసం వచ్చింది. ఇక్కడి నుంచే వెనక్కి పోతే, ఇంటికి పోయి పడుకుంటే, మళ్లీ ఎప్పుడు లేస్తుందో ఆమెకే తెలియదు. కర్ర చంకన పెట్టి మెట్ల కమ్మీ పట్టుకుంది. మధ్యలో కూలబడింది. ముత్తక్క భుజం మీద బరువంతా వేసి మళ్లీ ఎక్కింది. పడితే వాళ్ల గడప ముందే పడతా, ఊరంతా చూస్తుంది అనుకుంది.

తలుపు దగ్గరికేసి ఉంది. లోపల ఆడగొంతు. ఫోన్లోని గొంతే.

"ఎన్నాళ్లీ నాటకం కోటేష్? ఆమెకు నిజం చెప్పెయ్."

సువర్ణ ముత్తక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్తే ఇల్లు పీకి పందిరేస్తది" అన్నాడు కోటేష్.

"మరెట్లా?"

సువర్ణ చేతికర్ర తలుపుకు తగిలి టక్కుమంది. వెంటనే కోటేష్ గొంతు, నవ్వుతో వణుకుతూ వినిపించింది.

"తలుపు తియ్యుండ్రి డాక్టరమ్మా, సచ్చినా రానన్న పేషెంటు నడిచొచ్చింది."