బోర్లించిన కుండ

నసీలా తన మొగుడి సమాధి మీద బోర్లించిన కుండను రెండు చేతులతో ఎత్తింది. అందులోంచి బురదకప్ప ఒకటి బెకబెకమంటూ ఎగిరి ఆమె ఒళ్ళో పడింది. కింద జొన్నపిండి చెల్లాచెదురై ఉంది.

"ముసెంగా!" ఊరంతా ఒక్కసారే అరిచింది.

ముసెంగా మేకల మందలోంచి తల పైకెత్తాడు. చచ్చిపోయినాయనకి తమ్ముడు. జుట్టు నెరిసింది గానీ బుద్ధి నెరవలేదు.

"అన్నయ్య ఒంటరిగా ఉన్నాడని తోడు పంపాను వదినా. తప్పా?"

"నీ మొహం మండ!" నసీలా కప్పను అతని మీదికే విసిరింది. "ఆటలా నీకు? వెళ్ళాలో ఉండాలో మీ అన్ననే కదయ్యా అడుగుతున్నాను!"

అడగక తప్పదు మరి. నేల చచ్చిపోయింది, జొన్న మోకాలెత్తు కూడా ఎదగడం లేదు. ఊరు ఊరంతా నది దాటి దక్షిణానికి పోతోంది. నిప్పుకుండలు, విత్తనాల బుట్టలు, కొలిమి తిత్తులు అన్నీ కట్టి పెట్టారు. కానీ మొగుడు పోయిన ఆడది అతన్ని అడక్కుండా కదలకూడదు. పొద్దుగూకాక సమాధి మీద పిండి కుప్పగా పోసి కుండ బోర్లిస్తారు. తెల్లారేసరికి కుప్ప నిలబడి ఉంటే వెళ్ళమన్నట్టు. కూలిపోతే ఉండమన్నట్టు. ఉండడమంటే ఒక్కతే, దుమ్ములగొండ్ల మధ్య.

"ఇంకొక్కసారి పిండి పొయ్యి పెద్దమ్మా," అన్నాడు ఊరిపెద్ద చిసాలా. "ఇదే ఆఖరు. రేపు దాటకపోతే నది పొంగుతుంది. ముసెంగా బాబాయ్, మళ్ళీ కప్పా కిప్పా అన్నావంటే నిన్నే కుండలో పెట్టి బోర్లిస్తాను!"

"పట్టను రా," అన్నాడు ముసెంగా పొట్ట నిమురుకుంటూ.

ఆ సాయంత్రం నసీలా పిండి పోస్తుంటే, ముసెంగా వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"అన్నయ్య ఏమనాలని ఉంది వదినా నీకు?"

"నీకెందుకు?"

"చెప్పు. కప్పకి చెప్పనులే."

నసీలాకి నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఎటో పోయింది.

"పుట్టింటికి పోతానంటే 'పో' అనేవాడు. చేపలకి పోతానంటే 'పో'. ఓసారి అలిగి మూట కట్టుకున్నాను. గుమ్మంలో అడ్డంగా కూర్చున్న మనిషి, పక్కకి జరిగి మరీ 'పో' అన్నాడు. ఒక్కసారి... ఒక్కసారైనా 'ఉండవే' అనలేదయ్యా."

"మాటల దగ్గర మా అన్న పరమ పిసినారి."

"ఈసారైనా అంటాడేమో."

"అంటే ఉండిపోతావా ఏంటి?"

"అంటే ఇక్కడే, ఆయన పక్కనే పడుకుంటాను. ఎవరొచ్చి లాగినా లేవను." కుండ బోర్లించి, దాని వీపు మీద కాసేపు చెయ్యి వేసి ఉంచింది.

ముసెంగా ఆ కుండ వైపు ఒకసారి చూసి, మేకల్ని తోలుకుపోయాడు.

తెల్లారి అందరూ వచ్చేసరికి సమాధి దగ్గర ముసెంగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో కుండ. కింద కుప్ప కూలి పిండి పరుచుకుని ఉంది.

నసీలా ఆ పిండి ముందు కూర్చుంది. మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. అంతలో ఆ చేతిలో కుండ చూసింది.

"నువ్వా?"

ముసెంగా అందరి మొహాలూ చూశాడు. వదిన మొహం చూశాడు. పళ్ళికిలించాడు.

"నేనే వదినా. ఎంతసేపు నమ్ముతావో చూద్దామని."

"నీ వేషాలు తగలెయ్య!" చిసాలా కర్రతో వీపు మీద ఒక్కటిచ్చాడు. "రెండుసార్లూ చెడగొట్టావు గదా! పద పెద్దమ్మా, ఇక ఆగే వేళ లేదు. పెదనాన్న వద్దనలేదుగా."

"బతికుండగానే అనలేదు," నసీలా లేచి బుట్ట నెత్తికెత్తుకుంది. "ఇప్పుడేం అంటాడులే."

రేవు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది. పడవ ఎక్కబోతూ ముసెంగా వైపు తిరిగింది.

"పాడు మనిషీ! ఆ కాసేపూ నిజమే అనుకున్నాను. ఎంత బాగుందో తెలుసా?" కళ్ళు తుడుచుకుంది. "పో, ఆ చేతులకి అంటిన పిండి కడుక్కో."

ముసెంగా ఒంగి, నదిలో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. వాటికి పిండి లేదు. కుప్ప కూలితే మళ్ళీ నిలబెట్టేద్దామని చీకటితోనే వెళ్ళాడు గానీ, ఆ పిండి ముట్టుకోబుద్ధి కాలేదు. కుండ ఎత్తేసరికే, అన్న 'ఉండవే' అనేశాడు.